నెలసరి తగ్గిందని బెంగపడుతున్న అమ్మడికి

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీరిద్దరూ మళ్లీ బిడ్డ కోసం చూస్తున్నారని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. నిరుడు అంత బాధపడి కూడా ధైర్యం కూడగట్టుకున్నావు. కానీ నెలసరి రెండు రోజులకే ఆగిపోతోందన్న మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

గర్భం నిలవడానికి ముఖ్యం అండం వేళకు విడుదల కావడం. నెలసరి 24 నుంచి 38 రోజుల మధ్య క్రమం తప్పకుండా వస్తూ ఉంటే, రక్తం కొద్దిగానే కనిపించినా అండం విడుదలవుతూ ఉండే అవకాశమే ఎక్కువ. తరువాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు వచ్చే ఆ అండం ఒక్క రోజుకు మించి బతకదు గానీ వీర్యకణాలు 5 రోజుల దాకా ఉండగలవు కనుక, అంతకు ముందు రోజులను వృథా చేసుకోవద్దు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పుడే మొదలుపెట్టు.

చిన్నప్పటి నుంచీ నీకు ఇంతేనా, లేక నిరుడు గర్భసంచి శుభ్రం చేయించుకున్నాక తగ్గిందా? నా భయమంతా దీని గురించే.

మా ఆడపడుచుకు మూడో నెలలో గర్భం పోతే ఆసుపత్రిలో అలాగే శుభ్రం చేశారు. అంతవరకు నాలుగు రోజులుండే నెలసరి ఆ తరువాత ఉత్త మరకలకు దిగింది, నెలనెలా పొత్తికడుపులో నొప్పి కూడా మొదలైంది. అత్తగారు ఒంట్లో వేడి చాలలేదని నువ్వులూ బెల్లమూ దంచి పెట్టారు, సింహాచలం మెట్లెక్కించారు, చివరికి మాటలనడం మొదలుపెట్టారు. హార్మోన్ పరీక్షలన్నీ బాగున్నాయనే వచ్చాయి, ఎందుకంటే విత్తనం మంచిదే, మడే పాడైంది. పాత సంగతి చెప్పడానికి ఆమె సిగ్గుపడింది, ఎవరూ అడగనూ లేదు. ఏళ్లు గడిచాక ఒక డాక్టరమ్మ, ఎప్పటి నుంచి తగ్గిందని అడిగి, సన్నని కెమెరా గొట్టంతో గర్భసంచి లోపల చూసే హిస్టరోస్కోపీ చేస్తే, గర్భాశయం లోపలి గోడలు అక్కడక్కడ అతుక్కుపోయి కనిపించాయి. వాటిని విడదీశాక నెలసరి పెరిగింది, కానీ అప్పటికే ఆమె నలభైకి చేరువైంది. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేనింకా మరిచిపోలేదు.

అందుకే 35 ఏళ్ల లోపు వారు ఏడాది ఆగి చూడవచ్చన్న మాట నీకు వర్తించదు, ఆగకు. విశాఖలో ఘోషా ఆసుపత్రికి వెళ్లినా, కేజీహెచ్‌కు వెళ్లినా, డాక్టరమ్మకు మొదట ఆ శుభ్రం సంగతే చెప్పు. స్కానింగ్, థైరాయిడ్, పాలు పట్టించే హార్మోన్ అయిన ప్రొలాక్టిన్ పరీక్షల గురించి అడుగు. మన దేశంలో గర్భాశయానికి క్షయ సోకడం వల్ల కూడా ఇలా జరుగుతుంది కనుక, నీకు గానీ ఇంట్లో మరెవరికైనా గానీ ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే దాచవద్దు. అల్లుడిగారి వీర్య పరీక్ష కూడా అప్పుడే చేయించాలి, అందులో చిన్నతనమేమీ లేదు. ఒళ్లు తగ్గాలని పస్తులుండడం మాత్రం వెంటనే మానెయ్యి, నీకెన్నిసార్లు చెప్పాలి!

నిరుటి డిశ్చార్జి కాగితాలు మీ అమ్మ బీరువాలో ఉంటాయి, తీసి పెట్టమని చెప్పాను. ఏ రోజు వెళుతున్నావో తెలియజేస్తే నేను నీతో వస్తాను.

నీ పెద్దమ్మ