గొట్టంలో కాస్త ఖాళీ వదులు

బరంపురం

చిన్నారీ,

నువ్వు భువనేశ్వర్‌లో డయాలసిస్ పొరల మీద పరిశోధనకు చేరుతున్నావని అమ్మ ఫోన్ చేసింది. పక్కింటి ఒడియా వాళ్లకు కూడా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. 28 ఏళ్లు ల్యాబులో చేసినదాన్ని, ఏది ఎక్కడ చిరుగుతుందో అదే ముందు గుర్తొస్తుంది.

పొరతో చేసిన డయాలసిస్ గొట్టాన్ని వంటసోడా, లోహపు మలినాలను పట్టేసే ఈడీటీఏ కలిపిన నీళ్లలో మరిగించు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. తడిశాక ఆరనివ్వకు. ఇవి అక్కడ ఎవరైనా చెబుతారు.

ఇది మాత్రం నా దగ్గర విను. నేను చేరిన ఏడాది మేక కాలేయం నుంచి ఎంజైము తీస్తున్నాం. వారం రోజుల పని. అమోనియం సల్ఫేటు అనే ఉప్పుతో విడగొట్టిన ప్రొటీనును గొట్టంలో నిండుగా పోసి, రెండువైపులా బిగించి ముడేసి, ఆ ఉప్పు బయటికి పోవడానికి చల్లటి బఫరు ద్రావణంలో వేసి ఇంటికెళ్లాను. లోపల అంత ఉప్పుంటే బయటి నీళ్లు ఊరుకుంటాయా? పొర దాటి లోపలికి చేరాయి. తెల్లారేసరికి గొట్టం ముడి దగ్గర పగిలి, ప్రొటీనంతా బీకరు పాలు. ఖాళీ వదలాలని నాకు తెలుసు. బస్సు టైమైందని తొందరపడ్డాను. అంతకన్నా పెద్ద తప్పు, కరెంటు పోయి పాడైందని అబద్ధం చెప్పడం. సార్ నమ్మారు. ఇంకో వారం నా పక్కనే కూర్చుని మళ్లీ చేయించారు. ఆయన రిటైరయ్యేదాకా నిజం చెప్పలేకపోయాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది.

మీ పెదనాన్న కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మనిషి. చివరి రెండేళ్లు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మిషన్ పక్కనే పడుకున్నారు. వెంట్రుకల్లాంటి వేల బోలు దారాల్లోంచి ఆయన రక్తం వెళుతుంటే నేను అటే చూసేదాన్ని. వ్యర్థమైన యూరియా అణువు బరువు 60 డాల్టన్లే, పొర దాటిపోతుంది. రక్తంలోని ప్రొటీను ఆల్బుమిన్ 66 వేలు, ఆగిపోతుంది. ఇలా లెక్కలేసుకుని ధైర్యం తెచ్చుకునేదాన్ని. 1943లో కోల్ఫ్ అనే డచ్చి డాక్టరు సాసేజీలకు వాడే సెలోఫేన్ గొట్టంతో మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు మన ఇంటి పిల్ల చేతికొచ్చింది.

పొర ఎక్కడ కారినా ఆరోజే నోట్‌బుక్‌లో రాసి, మీ సార్‌కి చెప్పు. తిడితే తిట్టనీ. రాత్రిళ్లు ఒక్కదానివే ల్యాబులో ఉండకు. వేళకు తిను, మొండిదానా. అప్పడాలు కట్టి ఉంచాను, సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్దువుగాని. నీ నోట్‌బుక్ కూడా తీసుకురా, చూస్తాను.

మీ పెద్దమ్మ