అమెరికాలో దొరికే హోటల్ కార్డు ఇంగ్లండ్‌లో ఎందుకు దొరకదు?

ప్రశ్న: మాది గుంటూరు. న్యూజెర్సీలో ఆరేళ్లు ఉండి, పోయినేడు ఇంగ్లండ్‌లోని రీడింగ్‌కు మారాం. మావారి పేరున అమెరికాలో చేజ్ బ్యాంకు, మారియట్, ఐహెచ్‌జీ హోటల్ సంస్థల పేరుతో ఇచ్చిన క్రెడిట్ కార్డులు రెండున్నాయి: మారియట్ బౌండ్‌లెస్ (ఏడాదికి 95 డాలర్లు), ఐహెచ్‌జీ ప్రీమియర్ (99 డాలర్లు). ఇక్కడ వెతికితే మారియట్ అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఇచ్చేది) ఒక్కటే కనిపించింది. హైదరాబాద్‌లో మా తమ్ముడికి కూడా మారియట్ కార్డు ఉంది. ఇంత పెద్ద దేశంలో హోటల్ కార్డులు ఎందుకు లేవు? పాతవి మూసేసి ఇక్కడి అమెక్స్ తీసుకోమంటారా? అద్దె, కౌన్సిల్ ట్యాక్స్ పోగా నెలకు 1,200 పౌండ్లు కార్డు మీద ఖర్చవుతుంది. మావారు ఆఫీసు పని మీద ఏడాదికి పది రాత్రులు మారియట్‌లో ఉంటారు. ఆ బిల్లు కంపెనీయే కడుతుంది.

జవాబు: అమ్మా, పాయింట్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మీ మొదటి ప్రశ్న సగం విడిపోతుంది. మీరు కార్డు గీసిన ప్రతిసారీ దుకాణదారు కొంత రుసుము కడతాడు. అందులో ఎక్కువ భాగం ఇంటర్‌చేంజ్ పేరుతో మీకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. ఆ డబ్బుతో బ్యాంకు హోటల్ సంస్థ దగ్గర పాయింట్లు కొని మీ ఖాతాలో వేస్తుంది. హోటల్ వాళ్లు బ్యాంకుకు పాయింట్లు ఊరికే ఇవ్వరు, అమ్ముతారు.

అమెరికాలో క్రెడిట్ కార్డుల ఇంటర్‌చేంజ్‌కు చట్టం పరిమితి పెట్టలేదు. 2011లో అమల్లోకి వచ్చిన డర్బిన్ సవరణ అనే చట్టం పెట్టిన పరిమితి డెబిట్ కార్డులకే వర్తిస్తుంది. రివార్డు కార్డు మీద వెయ్యి డాలర్లు గీస్తే బ్యాంకుకు ఇరవై డాలర్ల చుట్టుపక్కల మిగులుతుంది. యూరోపియన్ యూనియన్ మాత్రం 2015 డిసెంబరు 9 నుంచి వ్యక్తిగత క్రెడిట్ కార్డుల మీద ఆ రుసుమును 0.3 శాతానికి, డెబిట్ మీద 0.2 శాతానికి కట్టేసింది. యూనియన్ నుంచి బయటికి వచ్చాక కూడా బ్రిటన్ దేశంలోపలి చెల్లింపులకు అదే పరిమితిని ఉంచుకుంది. అంటే టెస్కోలో మీరు వెయ్యి పౌండ్ల సరుకులు కొంటే బ్యాంకుకు వచ్చేది మూడు పౌండ్లు. పౌండుకు రెండు పాయింట్ల లెక్కన మీకు రెండు వేల పాయింట్లు ఇవ్వాలి. ఒక్కోటి అర పెన్నీకి (పౌండుకు వంద పెన్నీలు) కొన్నా పది పౌండ్లవుతుంది. బ్యాంకుకు చేతిచమురు వదలడం తప్ప మిగిలేదేముంది? ఇంగ్లండ్‌లో బార్‌క్లేకార్డ్ ఇచ్చిన హిల్టన్ వీసా కార్డు, క్రియేషన్ సంస్థ ఇచ్చిన ఐహెచ్‌జీ కార్డు ఆ తరవాతి ఏళ్లలోనే ఆగిపోయాయి.

మరి అమెక్స్ ఎలా నిలిచింది? వీసా, మాస్టర్‌కార్డుల్లో కార్డు ఇచ్చే బ్యాంకు వేరు, దుకాణం తరఫు బ్యాంకు వేరు. చట్టం కోత పెట్టింది ఆ రెంటి మధ్య చేతులు మారే రుసుముకు. అమెక్స్ కార్డూ తనే ఇస్తుంది, దుకాణంతో బేరమూ తనే కుదుర్చుకుంటుంది. అందుకని దానికి కాస్త వెసులుబాటు మిగిలింది. లైసెన్సు తీసుకుని బ్యాంకులు ఇచ్చిన అమెక్స్ కార్డులకు ఆ వెసులుబాటు దక్కక అవి మూతపడ్డాయి.

రుసుము ఒక్కటే కారణమని కూడా చెప్పలేను. పరిమితి ఉన్నా ఇంగ్లండ్‌లో విమానయాన కార్డులు బతికే ఉన్నాయి, ఎందుకంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంటి సొంతింటి సంస్థ వెనకుంది. హోటళ్లలో ఆ స్థానం ప్రీమియర్ ఇన్‌ది. దేశంలో అన్నిటికంటే పెద్ద గొలుసు అదే, కానీ మామూలు అతిథులకు దానిలో పాయింట్ల పథకమే లేదు. పథకాలున్న హిల్టన్, మారియట్‌లకు అసలు బలం అమెరికాలో.

మీ తమ్ముడి కార్డు సంగతికి వస్తే, ఇండియాలో డెబిట్ కార్డుల రుసుముకు 2012 నుంచే రిజర్వు బ్యాంకు పరిమితి ఉంది. రూపే డెబిట్, యూపీఐల మీద 2020 జనవరి నుంచి రుసుము సున్నా. క్రెడిట్ కార్డుకు అలాంటి పరిమితి లేదు. 2023 ఆగస్టులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు మారియట్ కార్డు తేగలిగింది అందుకే. అయినా అమెరికాలోలా పది రకాలు అక్కడా లేవు. 2024 మొదట్లో దేశం మొత్తం మీద క్రెడిట్ కార్డులు పది కోట్లే దాటాయి, వాటిలో ఒకే గొలుసు హోటళ్లలో తరచూ దిగేవాళ్ల చేతిలో ఉన్నవి ఇంకా తక్కువ.

ఇక మీ లెక్క. నెలకు 1,200 అంటే ఏడాదికి 14,400 పౌండ్లు. అంతా మారియట్ అమెక్స్ మీదే గీశారనుకుందాం, చిన్న దుకాణాల్లో అది చెల్లకపోయినా సరే. 28,800 పాయింట్లు వస్తాయి. పాయింటుకు అర పెన్నీ వేసుకుంటే 144 పౌండ్లు. వార్షిక రుసుము 95 పోతే మిగిలేది 49. అదే ఖర్చును రుసుము లేని బార్‌క్లేకార్డ్ రివార్డ్స్ కార్డు మీద పెడితే 0.25 శాతం చొప్పున 36 పౌండ్లు నగదుగా వస్తాయి. తేడా పదమూడు పౌండ్లు! చేరినప్పుడు మూడు నెలల్లో 3,000 పౌండ్లు ఖర్చు పెడితే ఇచ్చే 20,000 పాయింట్లు మొదటి ఏడాది ముచ్చటే. ఉచిత రాత్రి కావాలంటే ఏడాదికి 25,000 పౌండ్లు గీయాలి. మీ ఖర్చు అందులో అరవై శాతం కూడా లేదు. దానికోసం ఖర్చు పెంచుకోవద్దు.

ఇప్పుడు బౌండ్‌లెస్‌ను చూడండి. 95 డాలర్లంటే సుమారు 70 పౌండ్లు. ఏమీ గీయకపోయినా ఏటా రెన్యువల్‌కు, రాత్రికి 35,000 పాయింట్ల లోపు పడే హోటల్లో ఒక ఉచిత రాత్రి ఇస్తుంది. స్టేటస్ (ఏడాదిలో దిగిన రాత్రులను బట్టి హోటల్ సంస్థ ఇచ్చే హోదా) లెక్కకు 15 రాత్రులు కలుపుతుంది. మీవారి పది రాత్రులతో కలిస్తే 25, అంటే గోల్డ్. ఇక్కడి అమెక్స్ కూడా 15 రాత్రులు ఇస్తుంది గాని, ఒకే మారియట్ ఖాతాకు రెండు వ్యక్తిగత కార్డుల రాత్రులు కలవవు. కాబట్టి బౌండ్‌లెస్ ఉన్నన్నాళ్లూ ఆ పని మీద అమెక్స్ దండగ. ఒక్కటి సరిచూడండి: కంపెనీ బుకింగులో మీవారి సభ్యత్వ సంఖ్య ఉండాలి. బయటి ట్రావెల్ సైట్లలో కొన్న గదుల రాత్రులు లెక్కలోకి రావు.

నా మాట: బౌండ్‌లెస్ ఉంచండి. ఐహెచ్‌జీ కార్డు ఇచ్చే రాత్రిని (40,000 పాయింట్ల లోపు) కిందటి రెండేళ్లూ నిజంగా వాడారా అని చూసుకోండి. వాడకపోతే చేజ్‌కు ఫోన్ చేసి, మూసేయకుండా రుసుము లేని ఐహెచ్‌జీ ట్రావెలర్‌కు మార్చమనండి. అమెరికా క్రెడిట్ చరిత్ర చెక్కుచెదరదు. చేతిలో ఉన్న ఉచిత రాత్రి ఉంటే ముందే వాడేయండి, మార్పు తరవాత అది ఏమవుతుందోనన్న బెంగ ఉండదు. ఎప్పుడైనా పూర్తిగా మూసేస్తే పాయింట్ల గడువు గుర్తుంచుకోండి: ఏ కదలికా లేకపోతే మారియట్‌లో 24 నెలలకు, స్టేటస్ లేనివారికి ఐహెచ్‌జీలో 12 నెలలకు పాయింట్లు పోతాయి.

దూరం నుంచి కార్డు నడపడంలో దెబ్బతినేది చిన్న విషయాల దగ్గరే. అమెరికా బ్యాంకు ఖాతా ఒకటి తెరిచే ఉంచి, పూర్తి బిల్లుకు ఆటోపే పెట్టండి. రెండు వార్షిక రుసుములకు సరిపడా 250 డాలర్లు అందులో ఎప్పుడూ ఉండాలి. వాడకం లేదని కార్డు ఆపేయకుండా నెలనెలా పడే చిన్న చందా ఏదైనా దాని మీద పెట్టండి. అమెరికా ఫోన్ నంబరు పోతే ఓటీపీ రాదు, కనుక ఆ నంబరును చవక ప్లానులో బతికించుకోండి. చిరునామా మార్పును బ్యాంకుకు నిజంగా చెప్పండి. స్నేహితుల ఇంటి చిరునామా పెడితే కొత్త కార్డు అక్కడికి పోయి పడి ఉంటుంది.

రోజువారీ ఖర్చు మాత్రం ఇక్కడి కార్డు మీదే జరగాలి. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లు దాటి 30,000 లోపు ధర ఉన్న వస్తువుకు క్రెడిట్ కార్డుతో కట్టి మోసపోతే, అమ్మినవాడితో సమానంగా కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి. సోఫా, విమాన టికెట్ లాంటివి చేజ్ కార్డు మీద కొంటే ఆ రక్షణ ఉండదు. ఇక్కడి క్రెడిట్ చరిత్ర కూడా మీరు మొదటి నుంచి కట్టుకోవాలి. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు గనుక ఇంగ్లండ్‌లో ఓటరు జాబితాలో చేరవచ్చు. కార్డుకు దరఖాస్తు పెట్టేముందు ఇద్దరూ పేర్లు నమోదు చేయించుకోండి. చిరునామా ధ్రువపడుతుంది, దరఖాస్తు తిరస్కరణకు గురయ్యే అవకాశం తగ్గుతుంది.

హైదరాబాద్ వెళ్లినప్పుడు బార్‌క్లేకార్డ్ రివార్డ్స్ తీసుకెళ్లండి, దానికి విదేశీ మారకపు రుసుము లేదు. ఇక్కడి అమెక్స్ అయితే 2.99 శాతం, అంటే లక్ష రూపాయల పట్టుచీరల మీద 2,990. దుకాణంలో మిషను పౌండ్లా రూపాయలా అని అడిగితే రూపాయలే నొక్కండి.