కంఫర్ట్ జోన్ సరే, ముందు బిల్లు అడగడం వచ్చా?

ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా పెడదామనుకుంటున్నా, ఇబ్బంది పడకపోతే ఎదగలేమంటున్నారు, మీరేమంటారు అని అడిగావు తమ్ముడూ. ఎదగలేమన్నది నిజమే. కాకపోతే నీ లెక్కలో ఇబ్బంది పడటమంటే జీతం వదులుకోవడం ఒక్కటే అన్నట్టుంది, నా టెన్షనల్లా దానిగురించే.

వీసా సంగతి ముందు తేల్చేద్దాం. హెచ్1బీ (కంపెనీ పిటిషన్ మీద వచ్చే ఉద్యోగ వీసా) మీద ఉన్నా అమెరికాలో కంపెనీ నీ పేరున ఉండొచ్చు, దానికి పనిచేయాలంటే మాత్రం ఆ కంపెనీ తరఫున వేరే పిటిషన్ పడాలి. 2025 జనవరి 17 నుంచి అమల్లోకొచ్చిన రూల్‌లో ఇలా సొంత కంపెనీ ఉన్నవాళ్లకూ దారి ఇచ్చారు, మెజారిటీ వాటా నీదైతే మొదటిసారి వీసా గడువు 18 నెలలకు మించి ఇవ్వరు. ఉన్న ఉద్యోగం పోతే వేరే దారి చూసుకోవడానికి చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. మిగతాది లాయర్ని అడుగు, వాట్సాప్ గ్రూపుల్ని కాదు.

నేను గ్రీన్ కార్డు వచ్చాక చిన్న వ్యాపారాలకు పద్దులు రాసే పని మొదలుపెట్టాను. రాత్రింబవళ్లు కూర్చోవడం, వీళ్ల యాస అర్థంకాక తల ఊపడం, ఇవన్నీ ఎలాగోలా నెట్టుకొచ్చా, మనకు చాకిరీ కొత్తా? ప్రాణం పోయేది డబ్బులు అడిగే దగ్గర. మొదటి క్లయింటు ఒక పళ్ల డాక్టరు. నెలకెంత అనగానే మనసులో ఉన్న అంకె చెప్పబోయి, ఆయన కనుబొమ్మలు పైకి లేచాయని సగానికి దించేశా (ఆయన ఎవరేం చెప్పినా అలాగే చూస్తాడని తర్వాత తెలిసింది). బిల్లు మీద ముప్ఫై రోజుల గడువని నేనే రాసి, గడువు దాటాక కారులో కూర్చుని ఏమనాలో రిహార్సల్ వేసుకుని, తీరా ఫోనెత్తాక పండగ శుభాకాంక్షలు చెప్పి పెట్టేసిన ఘనుణ్ణి. చివరికి ఒకరోజు తెగించి అడిగితే, అక్కడ బిల్లులు చూసే ఆవిడ నీ మెయిలే రాలేదే అని సాయంత్రానికల్లా చెక్కు రాసిచ్చి, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నన్నే కోప్పడింది. ఈలోగా ఇల్లంతా క్రెడిట్ కార్డు మీద నడిచింది, ఆ వడ్డీ ఎవరిస్తారు?

పన్ను దగ్గర ఇంకా గట్టిగా తగిలింది. జీతమైతే కోసుకునే ఇస్తారు. సొంత పనైతే ఇన్‌కమ్ ట్యాక్స్ కాక సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ 15.3 శాతం, అదీ ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి 15లకు అంచనా వేసి నువ్వే కట్టుకోవాలి. పద్దులు రాసేవాడికి తెలియదా అంటావేమో, తెలుసు, క్లయింట్లకు రోజూ చెప్పేవాణ్ణి కూడా, కానీ అకౌంట్లో డబ్బు కనబడుతుంటే అది మనది కాదనిపించదు. అందుకే వచ్చిన ప్రతి చెక్కులో పన్ను వాటా వేరే అకౌంట్లో పడేయమంటాను.

నువ్వు ఉద్యోగంలో ఉంటూనే ఈ మొహమాటం వదిలించుకోవచ్చు. జీతం పెంచమని మేనేజర్ని అడుగు, అంకె చెప్పాక నోరు మూసుకో, ఎదుటివాడు మాట్లాడేదాకా నువ్వే తగ్గించకు. అద్దె రెన్యూవల్‌కి వచ్చినప్పుడు కాస్త తగ్గించమని అడుగు, కాదంటే పోయేదేముంది. 1964 నుంచి నడుస్తున్న స్కోర్ అనే సంస్థలో వ్యాపారాలు చేసి పండినవాళ్లు ఉచితంగా సలహా ఇస్తారు, నీ ఆలోచన వాళ్లముందు పెట్టి, ఇది నిలబడదు అని మొహం మీద చెప్పించుకో. పక్కన ఎవరికైనా పని చేసిపెట్టడం మాత్రం వద్దు, వీసాతో చెలగాటం.

ఇంత పొడుగు ఉత్తరంలో ఐడియా గురించి పేజీలకు పేజీలు రాశావు గానీ, జీతం ఆగితే అద్దె, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్ ఎన్ని నెలలు లాగగలవో ఒక్క ముక్క రాయలేదు. ఆ లెక్క పంపు. ఆర్నెల్లకు తక్కువైతే రాజీనామా మాట నా దగ్గర ఎత్తకు.