చనిపోయినవారి తీరని పనులు తీర్చే డిటెక్టివ్ అసలు ఏం చేస్తాడు?

ఆత్మల తీరని పనులను చక్కబెట్టే డిటెక్టివ్‌ను నాయకుడిగా పెట్టి హైదరాబాద్ నేపథ్యంలో నవల రాస్తున్నానని, అతను రోజూ చేసే పని ఎలా ఉంటుందో ఊహకు అందడం లేదని మీరు అడిగారు. నేను ఈ నగరంలోనే ప్రైవేటు డిటెక్టివ్‌గా పనిచేస్తున్నాను. మా వృత్తిలో ఎక్కువ భాగం పెళ్లి సంబంధాల వాకబే అయినా, ఇంట్లో పెద్దవారు పోయిన తరువాత "ఆయన కలలోకి వచ్చి ఏదో అడుగుతున్నారు, అదేమిటో తెలియడం లేదు" అంటూ వచ్చే కుటుంబాలూ ఉన్నాయి. ఆ కలల గురించి నేను వాదించను. పోయిన మనిషి ఎవరికి బాకీపడ్డాడో, ఎవరి సొమ్ము ఆయన దగ్గర ఉండిపోయిందో వెతుకుతాను. చాలాసార్లు ఆ బాకీ చిన్నదే అయి ఉంటుంది, కానీ అది చేరవలసిన మనిషి ఆచూకీ పట్టుకోవడానికే నానా తిప్పలు పడాలి.

చిక్కడపల్లిలో ఒక పెద్దాయన పోయాక, రాత్రిపూట ఆయన బీరువా దగ్గర నిలబడి ఉన్నట్టు భార్యకు కనిపించేది. పెత్రమాస నాడు ఆయన పేరున బియ్యం ఇచ్చారు, శాంతి చేయించారు, అయినా ఆమెకు కంటిమీద కునుకు లేదు. నేను వెళ్లి బీరువా తెరిపించి చూస్తే, లోపలి సొరుగులో పాత పంచె ముక్కలో మూటగట్టిన ఒక జత వెండి కడియాలు కనిపించాయి. వాటి లోపలి అంచు అరిగి నున్నబడింది, అంటే ఎవరో ఏళ్ల తరబడి కాళ్లకు పెట్టుకున్నవే. దారంతో కట్టిన చీటీ మీద ఒక మగమనిషి పేరు, ఇంటి నంబరు, "ముట్టింది" అన్న మాట ఉన్నాయి. ఎవరో కడియాలు కుదువపెట్టి, అప్పు తీర్చేసి, వాటిని విడిపించుకుని వెళ్లలేదన్నమాట.

హైదరాబాద్ పాత ఇంటి నంబర్లలో మొదటి అంకె వార్డును, తరువాతిది బ్లాకును, ఆ తరువాతిది ఇంటిని సూచిస్తాయి కాబట్టి, వీధి పేరు లేకపోయినా ఆ చీటీ నన్ను వారాసిగూడ దాకా తీసుకువెళ్లింది. అక్కడ ఆ ఇల్లు లేదు, అపార్టుమెంటు ఉంది. ఇలాంటిచోట వాచ్‌మన్‌ను అడిగి లాభం లేదు, ఎందుకంటే అతను కట్టడం పూర్తయ్యాక వచ్చినవాడు. ఇస్త్రీ బండి నడిపేవారిని, రేషన్ డీలరును, పాత కిరాణా కొట్టు సేటును అడగాలి. కూతురిని రామంతాపూర్ వైపు ఇచ్చారని సేటు చెప్పాడు. ఓటరు జాబితాలో పేరు పక్కన తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి కాబట్టి మిగతా దారి కొంత సులువైంది.

కడియాలు ఆ కూతురి తల్లివి. భర్త వాటిని ఆమెకు తెలియకుండా కుదువపెట్టి, అప్పు తీర్చినా, తెచ్చి ఇచ్చేలోపే కన్నుమూశాడు. కడియాలు కోడలే తీసిందని ఆమె నమ్మింది, దానితో కొడుకు వేరుపడి వెళ్లిపోయాడు. కడియాలు చేతిలో పెట్టగానే ఆ ముసలామె నన్ను ఒక్క మాట కూడా అడగలేదు, కోడలికి ఫోను కలపమని కూతురికి చెప్పింది. మీ నవలకు ఇది పనికివస్తుందని నా నమ్మకం. ఒక ఇంట్లో నిద్రపట్టనివ్వని వస్తువు, ఇంకొక ఇంట్లో ఏళ్ల నాటి తగువుకు మూలం కావచ్చు.

చట్టం ఈ బాకీలను ఎక్కడ వదిలేస్తుందో మీ డిటెక్టివ్‌కు తెలిసి ఉండాలి. ప్రామిసరీ నోటు మీది అప్పుకు మామూలుగా 3 ఏళ్లలో కాలదోషం పడుతుంది. 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ తరువాత చేసిన అప్పుల విషయంలో, తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న ఒక్క కారణంతో కోర్టు కొడుకును బాధ్యుణ్ణి చేయదు. కాబట్టి దావాకు అందని బాకీలే కలల్లోకి వస్తాయి. కాగితం ఉన్న సొమ్ము సంగతి వేరు: 10 ఏళ్లు ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళతాయి, వాటిని వెతకడానికి 2023లో ప్రారంభమైన ఉద్గమ్ పోర్టల్ ఉంది, వారసులు తరువాత కూడా బ్యాంకును అడిగి తీసుకోవచ్చు.

అతనికి పోలీసు అధికారాలు మాత్రం ఇవ్వకండి. ప్రైవేటు డిటెక్టివ్ సంస్థల నియంత్రణకు 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. మాకు ప్రత్యేక హక్కులేవీ లేవు, ఎవరి కాల్ రికార్డులనూ తెప్పించుకోలేము. కాళ్లు అరిగేలా తిరగడం, ఓపికగా వినడం, ఇంతే.

ఒక చివరి విషయం, కథల్లో దీన్ని ఎవరూ రాయరు. వస్తువు అప్పగించేటప్పుడు తప్పక రసీదు రాయించాలి, ఇరువైపుల నుంచి ఒక్కొక్కరు సాక్షి సంతకం చేయాలి, వస్తువు బరువు కూడా అందులో ఉండాలి. కడియాల విషయంలో పెద్దాయన తమ్ముడు తరువాత వచ్చి వెండి ఎవరికి ఇచ్చారని నిలదీసినప్పుడు, భార్య ఆ కాగితమే చూపించింది.