డాక్టర్ సలహా: నెలసరి ఆగాక బీపీ పెరిగింది, ఎందుకు?

ప్రశ్న: నా వయసు 54. న్యూజెర్సీలో ఉంటున్నాం. మావారికి 42వ ఏటే బీపీ వచ్చింది. నాకు మామూలుగా ఉండేది కానీ, నెలసరి ఆగిన రెండేళ్లకు 142/84 చూపిస్తోంది. నాతో పనిచేసే నల్లజాతి అమెరికన్ స్నేహితురాలు 35వ ఏటి నుంచే అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వాడుతోంది. బీపీ జాతిని బట్టి వస్తుందా? ఆ మాత్ర నేనూ వేసుకోవచ్చా?

జవాబు: నడివయసు వరకు బీపీ పురుషుల్లోనే ఎక్కువమందికి ఉంటుంది. నెలసరి ఆగాక స్త్రీలలో అది త్వరగా పెరుగుతూ, 65 ఏళ్లు దాటాక పురుషులను మించుతుంది. ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గడం, బరువు పెరగడం, వయసుతో రక్తనాళాలు బిరుసెక్కడం ఇందుకు కారణాలు. నాళాలు బిరుసెక్కేకొద్దీ పై సంఖ్య పెరుగుతుంది, కింది సంఖ్య మాత్రం నిలకడగా ఉండవచ్చు, తగ్గవచ్చు కూడా. అందువల్ల మీ 84ను చూసి ధీమా పడకండి. గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇక జాతి సంగతి. అమెరికాలో నల్లజాతివారికి బీపీ చిన్న వయసులోనే, తీవ్రంగా వస్తున్న మాట నిజమే. అయితే 1990లలో పశ్చిమాఫ్రికా మూలాలున్నవారిని పరిశీలించినప్పుడు పశ్చిమాఫ్రికాలో సుమారు 16 శాతం, కరీబియన్ దీవుల్లో 26 శాతం, షికాగో శివారులో 33 శాతం మందికి బీపీ కనిపించింది. మూలాలు ఒకటే అయినా తిండి, ఉప్పు, బరువు, బతుకు ఒత్తిళ్లు మారడంతో లెక్క మారింది కాబట్టి, దీన్ని రక్తంలోనే ఉన్న గుణంగా చూడటం నాకు సమ్మతం కాదు. మన దక్షిణాసియావారి చిక్కు వేరు: తక్కువ బరువుకే మధుమేహం, చిన్న వయసులోనే గుండెజబ్బు రావడం వల్ల కొద్దిపాటి బీపీని కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

అమ్లోడిపిన్ ఏ జాతివారికైనా ఇచ్చే మందే. కానీ మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్నా, మధుమేహం వల్ల కిడ్నీ దెబ్బతిన్నా మీకు వేరే రకం మందు మేలు కావచ్చు. కాబట్టి స్నేహితురాలి మాత్ర వేసుకోవద్దు.

ముందుగా ఒక వారంపాటు, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక, ఉదయం, సాయంత్రం రెండేసిసార్లు బీపీ చూసి రాసుకోండి. సగటు 130/80 లేదా అంతకు మించి ఉంటే అమెరికాలో దాన్ని బీపీగానే పరిగణిస్తారు. ఆ కాగితంతో డాక్టరును కలిసి షుగర్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. ఆవకాయ, అప్పడాలు, వడియాలు ఈలోగా బాగా తగ్గించండి. బీపీ 180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం వంటివి ఉంటే మాత్రం ఆగకుండా 911కు ఫోన్ చేయండి.