రేచుకుక్క ఆగదు, మీరే ఆగాలి

ఫొటోలు తీసే పాఠకుల సందేహాలకు బల్లార్షాలో స్టూడియో నడుపుతున్న ఫొటోగ్రాఫర్ జవాబులు

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ చదువుతున్నాను. పోయిన నెల స్నేహితులతో తాడోబా పులుల అభయారణ్యం బయటి భాగమైన బఫర్‌లో జునోనా గేటు నుంచి సఫారీకి వెళ్లాను. మామయ్య కెమెరా, 70-300 లెన్స్ పట్టుకెళ్లాను. రేచుకుక్కల (అడవి కుక్కల) గుంపు మా ముందే దారి దాటింది. గబగబా తీశాను గానీ అన్నీ మసగ్గా వచ్చాయి. ఒకదాంట్లో తోక మాత్రమే పడింది. కెమెరా పాతదవడం వల్లనా?
– ఒక విద్యార్థి, రాజురా

జవాబు: తమ్ముడూ, కెమెరాలో ఏ లోపమూ లేదు. నువ్వు పంపిన ఫొటోల వివరాలు చూశాను. షట్టర్, అంటే కెమెరా తెరుచుకుని ఉండే సమయం, సెకనులో 1/160 వంతు దగ్గర ఉంది. కెమెరాని ఆటోలో వదిలేస్తే పొద్దున వెలుగు తక్కువని అది షట్టర్‌ని నెమ్మది చేస్తుంది. నిలబడ్డ జింకకైతే దాంతో ఎలాగో సరిపెట్టుకోవచ్చు, రేచుకుక్కకి చాలదు. డయల్‌ని షట్టర్ ప్రయారిటీకి తిప్పు, అందులో షట్టర్ వేగం మనమే పెట్టుకోవచ్చు. నడుస్తున్నప్పుడు 1/1000, పరిగెత్తితే 1/2000 పెట్టు. వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్ఓని ఆటోలో వదిలెయ్. ఫొటోలో కాస్త గరుకు కనిపించినా ఫర్వాలేదు, మసక ఫొటోని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. ఫోకస్‌ని కంటిన్యువస్‌లో పెట్టు. రేచుకుక్క ఒంటి రంగు ఎర్రటి రాగి, గొంతు కింద, పొట్ట దగ్గర తెల్లగా ఉంటుంది. ఎండెక్కాక ఫొటోలో ఆ తెలుపు వివరమేమీ లేకుండా పాలిపోతుంది, ఎక్స్‌పోజర్‌ని అర స్టాప్ తగ్గించుకో.

సెట్టింగుల సంగతి ఇంతే. నిజానికి నీ ఫొటోల్లో నాకు కనిపించిన లోటు వేరే. అన్నీ పక్క నుంచో, వెనక నుంచో తీసినవే. అంటే కుక్కలు దాటిపోతున్నప్పుడు మీ జిప్సీ ఇంకా కదులుతూనే ఉంది, వాటి వెంట పోతోంది. అవునా?

పులిని తీసే పద్ధతి వేరు. అది ఎండాకాలం నీళ్లలో కూర్చుందంటే చాలాసేపు అక్కడే ఉంటుంది. రేచుకుక్క అలా ఒకచోట ఉండే జంతువు కాదు. గుంపుగా తిరుగుతుంది, ఎక్కువగా పగలే వేటాడుతుంది, పొద్దున సాయంత్రం అడవి బాటలు పట్టుకుని నడుస్తుంది. నడవడానికి తేలిక కాబట్టి బాట వాటికీ ఇష్టమే. అందుకని గైడ్ ‘రానకుత్రే’ (మరాఠీలో రేచుకుక్కలు) అనగానే బండి ఆపించు, ఇంజిన్ ఆపించు. ఇంజిన్ అదురుకే సగం ఫొటోలు పాడవుతాయి. ఒక గుడ్డ సంచిలో బియ్యం పోసుకుని తీసుకెళ్లు, జిప్సీ కమ్మీ మీద పెట్టి లెన్స్ దాని మీద ఆనించు. ముందొచ్చిన కుక్కని తీసేసి కెమెరా దించొద్దు. వెనక ఇంకా వస్తుంటాయి. ఆగిన బండిని అవి పెద్దగా లెక్కచెయ్యవు. ఒకటి ఆగి నీ వైపు చూస్తుంది, తలలు కలుపుకుంటాయి, పిల్లలు పెద్దవాటి మూతి నాకుతాయి. ఆ ఫొటోలు కావాలి. తరిమితే దొరికేది తోకే.

డ్రైవర్‌ని ‘ఇంకొంచెం ముందుకి పోనీ’ అని ఒత్తిడి పెట్టొద్దు తమ్ముడూ. అవి వేట మీద ఉండొచ్చు. గుంపుని బండి రెండుగా చీల్చితే ఆ పూట తిండి పోవచ్చు. ఇది నేను గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే ఇవి ఎక్కువ మిగల్లేదు. 2015 నాటి అంచనా ప్రకారం ప్రపంచం మొత్తంలో పెద్దవయసు రేచుకుక్కలు 949 నుంచి 2,215 మధ్యే. మన జిల్లా అడవిలో అవి తిరుగుతున్నాయంటే అది మనకి దక్కిన గౌరవం.

మరోసారి కోర్‌కి, అంటే అడవి నడిభాగానికి, వెళ్తే గుర్తుంచుకో: లోపలికి మొబైల్ తీసుకెళ్లనివ్వరు, మంగళవారం సెలవు, జులై నుంచి సెప్టెంబర్ దాకా మూసేస్తారు.

ప్రశ్న: మా కాలనీ వెనక బొగ్గు డంపుల దగ్గర రేచుకుక్కలు తిరుగుతున్నాయని పిల్లలు భయపడుతున్నారు. ఫోన్‌తో తీసిన ఫొటో పంపుతున్నాను. ఇవి రేచుకుక్కలేనా?
– ఒక కిరాణా వ్యాపారి, బల్లార్‌పూర్

జవాబు: కాదన్నా, ఇవి ఊరకుక్కలే. ఎర్రగా ఉన్నాయి కాబట్టి మీకు అలా అనిపించింది. తోక చూడండి, పైకి లేచి వంకర తిరిగి ఉంది. రేచుకుక్క తోక కుచ్చులా ఒత్తుగా, నల్లగా, కిందికి వేలాడుతుంది. చెవుల కొసలు గుండ్రంగా ఉంటాయి. ఊరకుక్కలా మొరగదు, విడిపోయిన గుంపుని ఈలలాంటి కూతతో పిలుచుకుంటుంది. రాత్రంతా డంపు మీద మొరుగుతున్నాయని మీరే రాశారు కదా.

పిల్లల భయం విషయానికొస్తే, ఆ ఊరకుక్కలు గుంపు కట్టి ఉంటే జాగ్రత్తగానే ఉండాలి. కరిస్తే వెంటనే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మున్సిపాలిటీకి చెప్పి టీకాలు వేయించండి. ఆ టీకా మన పిల్లలకీ రక్ష, అడవిలో ఉన్న రేచుకుక్కలకీ రక్ష. ఊరకుక్కల నుంచి రేబిస్, డిస్టెంపర్ జబ్బులు వాటికి అంటుకుంటే గుంపుకి గుంపే పోయే ప్రమాదం ఉంది. గుంపులో అన్నీ ఒకదాన్నొకటి నాకుతూ, ఒకే చోట తింటూ బతుకుతాయి మరి.

ఇంకోమాట. మీ ఫొటో బాగుంది. నల్లటి బొగ్గు గుట్ట, దాని మీద ఎర్రటి కుక్క, వెనక మిల్లు పొగ. ఇది బల్లార్‌పూర్ తప్ప ఇంకో ఊరు కాదు. దూరం నుంచే, కాస్త కిందికి వంగి, కుక్క కళ్ల ఎత్తుకి ఫోన్ దించి తీసి ఉంటే గుట్ట ఇంకా పెద్దగా కనిపించేది. పరుగెత్తే కుక్కల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

ప్రశ్న: మేడమ్, మా ఊరి పక్కన వాగు గట్టులో రేచుకుక్క పిల్లలున్నాయని పశువుల కాపరి చెప్పాడు. ఇప్పటిదాకా ఎవరూ తీయని ఫొటో అవుతుంది. పొద్దున్నే వెళ్లి చాటున కూర్చుందామనుకుంటున్నాను. ఏ లెన్స్ మంచిది?
– అహేరి తాలూకా పాఠకుడు

జవాబు: ఏ లెన్సూ మంచిది కాదు. దయచేసి వెళ్లొద్దు.

కారణం చెప్తాను. చలికాలంలో అవి పిల్లల్ని పెడతాయి. పిల్లలు దాదాపు రెండున్నర నెలలు గుంత దగ్గరే ఉంటాయి. ఆ రోజుల్లో గుంపు మొత్తం వాటికోసమే బతుకుతుంది. వేటకి పోయినవి కడుపు నిండా తిని వచ్చి పిల్లల ముందు కక్కి తినిపిస్తాయి. తల్లికే కాదు, కాపలా ఉన్న పెద్ద కుక్కకీ అలాగే పెడతాయి. దగ్గర్లో మనిషి ఉన్నాడని తెలిస్తే గుంతకి రావు, లేదా పిల్లల్ని నోట కరుచుకుని ఇంకోచోటికి మారుస్తాయి. ఆ మార్పులో చిన్నవి చనిపోవచ్చు. మీరు చాటున కూర్చున్నానని అనుకుంటారు, వాటి ముక్కుకి చాటు లేదు.

రెండోది చట్టం. 2022 సవరణ తర్వాత రేచుకుక్క వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి ఉన్న చోటే. గుంత దగ్గర అలజడి చేస్తే కేసు అవుతుంది.

మూడోది మన చరిత్ర. ఇంగ్లీషువాళ్ల కాలంలో రేచుకుక్కని చంపితే బహుమతి ఇచ్చేవారు. వేటగాళ్ల జింకల్ని ఇవి తినేస్తున్నాయని, బతికుండగానే చీల్చి తింటాయని, పాడు జంతువని ముద్ర వేశారు. 1972లో ఆ వన్యప్రాణి చట్టం వచ్చేదాకా దాని ప్రాణానికి విలువ లేదు. చీల్చి తినేమాట నిజమే. పన్నెండు నుంచి ఇరవై కిలోల జంతువు అది, పులిలా ఒక్క పట్టుతో మెడ విరిచే బలం లేదు. గుంపుగా పట్టి త్వరగా తినకపోతే పులో చిరుతో వచ్చి లాక్కుంటుంది. అందులో క్రూరత్వం ఏముంది? ఇన్నాళ్లకి ఆ జంతువుకి కాస్త నీడ దొరికింది. మన ఫొటో సరదా కోసం ఆ నీడ తీసేయొద్దు.

కాపరికి చెప్పండి, ఇంకెవరికీ చెప్పొద్దని. మీ అటవీ శాఖ బీట్ గార్డుకి మాత్రం కబురు పంపండి. ఆ వాగు పేరు, ఊరి పేరు ఏ గ్రూపులోనూ పెట్టొద్దు. నాకు రాసిన ఉత్తరంలో మీరు రాశారు, అందుకే ఇక్కడ అచ్చు వేయలేదు.

ప్రశ్న: మాది సిరొంచ. నేను బడిలో పంతులమ్మని. వారం సంతలో, ప్రాణహిత ఒడ్డున మా వాళ్లని ఫోన్‌తో తీస్తుంటాను. కొందరు ముఖం తిప్పుకుంటారు, ఒక అమ్మ కోప్పడింది కూడా. చెప్పి తీస్తే బిగుసుకుపోతారు, చెప్పకుండా తీస్తే తప్పనిపిస్తుంది. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, మీకు తప్పనిపిస్తోంది కదా, దాన్ని పోగొట్టుకోవద్దు. ఫొటో తీసేవాళ్లలో చాలామందికి అదే లేదు.

అడగండి, కాకపోతే ఫోన్ చేతిలోకి తీసుకోకముందే మాట కలపండి. మీకున్న వరం ఏమిటంటే సిరొంచ సంతలో తెలుగు, మరాఠీ, గోండి మూడూ వినిపిస్తాయి. వాళ్ల భాషలో ఒక్కమాట మాట్లాడినా చాలు. ఎండుచేపలు బేరం చెయ్యండి, ఇప్పపువ్వు ఈ ఏడు ఎలా ఉందో అడగండి, కొనండి. తర్వాత ‘మీరు తూకం వేస్తుంటే ఫొటో తీసుకోనా’ అనండి. ‘ఇటు చూడండి’ అనొద్దు. చూడమంటేనే బిగుసుకుంటారు. పని చేస్తుండమంటే మొదటి రెండు ఫొటోలప్పుడు బిగుసుకుని ఉంటారు, ఆ తర్వాత కొనేవాళ్లొస్తారు, బేరంలో పడి మిమ్మల్ని మర్చిపోతారు. అప్పుడు తీసింది మీది. వద్దన్నవాళ్లని మాత్రం ఇంకోసారి అడగొద్దు. స్నానాల రేవులో ఆడవాళ్లని అసలే తీయొద్దు. 2022 ఏప్రిల్ ప్రాణహిత పుష్కరాలప్పుడు తడిబట్టల్లో ఉన్న ఆడవాళ్ల వైపు ఎన్ని ఫోన్లు లేచాయో చూశాను. నాకు ఇప్పటికీ మనసు మండుతుంది.

బడి పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల్ని అడగకుండా స్టేటస్‌లో పెట్టొద్దు. పంతులమ్మ పెట్టిందంటే ఎవరూ ఎదురు చెప్పలేరు, అందుకే మీరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఫోన్ సంగతి: వేళ్లతో జూమ్ చేయొద్దు, రెండడుగులు దగ్గరికి నడవండి. మీరు పంపినవాటిలో నది వెనక ఉన్న ఫొటోల్లో ముఖాలు నల్లబడ్డాయి. నీళ్ల మెరుపు చూసి ఫోన్ మొత్తం ఫొటోని చీకటి చేసింది. ముఖం మీద వేలు నొక్కి పట్టుకోండి, ఫోకస్, వెలుగు రెండూ అక్కడ లాక్ అవుతాయి. లేదా మీరే నది వైపుకి వెళ్లి, నదికి వీపు పెట్టి నిలబడండి, నీళ్ల మీది వెలుగు వాళ్ల ముఖం మీద పడుతుంది. మధ్యాహ్నం సంతలో టార్పాలిన్ నీడ చాలా మంచి వెలుగు. నీలం టార్పాలిన్ అయితే ముఖాలు నీలంగా వస్తాయి, తెల్లది వెతకండి.

వచ్చే సంతకి వెళ్లేటప్పుడు ప్రింట్లు పట్టుకెళ్లండి. ఫోన్‌లో చూపించడం వేరు, చేతిలో పెట్టడం వేరు. కోప్పడిన ఆ అమ్మ పక్కదుకాణం వాళ్ల చేతిలో ప్రింటు చూస్తే తనే పిలవొచ్చు. పిలవకపోతే వదిలేయండి.

ప్రశ్న: నేను బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాను. కరీంనగర్ నుంచి వచ్చి చంద్రపూర్‌లో స్థిరపడ్డాం. అబ్బాయి మంచి ఫోన్ కొనిచ్చి, ఏదైనా తీస్తూ ఉండమంటాడు. అడవికి పోయే ఓపిక లేదు. రోజూ చూసే వీధిని తీసి ఏం లాభం?
– ఒక రిటైర్డ్ కార్మికుడు, చంద్రపూర్

జవాబు: బాబాయ్ గారూ, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. మా నాన్న స్టూడియోలో మీలాంటి కుటుంబాల నెగెటివ్‌లు పెట్టెల నిండా ఉన్నాయి. అన్నీ పెళ్లిళ్లు, పసిపిల్లలు, పాస్‌పోర్ట్ సైజులు. వెనక కాశ్మీరు కొండల తెర. ఆ మనుషులు నిజంగా ఎక్కడ బతికారో ఒక్కదాంట్లోనూ లేదు. షిఫ్టు దిగి వచ్చే ముఖం లేదు, క్వార్టర్ల ముందు నీళ్ల బిందెల వరస లేదు, జీతం రోజు బజారు లేదు. తెలుగువాళ్లు తరాలుగా ఇక్కడ బొగ్గు తవ్వారు, కాగితం చేశారు, ఆ బతుకు ఫొటోల్లో కనపడదు. నాకు ఇది పెద్ద బాధ.

లాభం అడిగారు కాబట్టి చెప్తున్నాను. మీ మనవరాలికి రేపు కావలసింది పులి ఫొటో కాదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. మీరు రోజూ టీ తాగే కొట్టు, అక్కడ మీతో పాటు పనిచేసినవాళ్లు, వాళ్ల చేతుల మీద బొగ్గు ఇంకిన నీలం మచ్చలు, ఇవి మీరు తప్ప ఎవరూ తీయలేరు. నేను వస్తే వాళ్లు చొక్కా సర్దుకుంటారు. మీరు తీస్తే మాట ఆపకుండా మాట్లాడుకుంటారు. జట్‌పురా గేటు కింద పొద్దున ఆటోలు, సైకిళ్లు, కూరగాయల బండ్లు ఇరుక్కుని వచ్చేది తీయండి. చైత్రంలో మహాకాళి జాతరకి తెలుగు పల్లెల నుంచి వచ్చే భక్తుల్ని తీయండి, వాళ్లతో మీరు మీ ఊరి మాటే మాట్లాడగలరు. గనిలోపలికి ఫోన్ నిషేధమని మీకు నేను చెప్పక్కర్లేదు. గేటు బయట, షిఫ్టు మారే వేళ అయితే చాలు.

మే నెల ఎండలో ఫోన్‌ని చొక్కా జేబులో పెట్టుకుని తిరగొద్దు. వేడెక్కితే కెమెరా తనంతట అదే ఆగిపోతుంది. పొద్దున ఎనిమిదిలోపు ముగించండి, మీ ఆరోగ్యానికీ అదే మంచిది.

నెలకొకసారి మంచివి ఏరి ప్రింట్ వేయించండి. వెనక ఎవరెవరో, ఏ గనో, ఏ ఏడో రాయండి. ల్యాబ్ ప్రింట్ల వెనక పెన్సిల్ అంటదు, బాల్‌పెన్ నొక్కితే ముందువైపు గీత పడుతుంది. సన్నటి మార్కర్ పెన్ తీసుకోండి, అంచున రాయండి, పూర్తిగా ఆరాకే ఒకదాని మీద ఒకటి పెట్టండి.