కొమ్మకు వేలాడే లాంతరు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. రాత్రికి రాత్రి ఊరు విడిచిన ఆ కుటుంబం ఇంకా నా కళ్ళల్లోనే మెదులుతోంది. కానీ వాళ్ళు చింతచెట్టు కింద ఆగిన చోటు, "కాసేపు అలుపు తీర్చుకుని మళ్ళీ బయల్దేరారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకేమో అక్కడే కూర్చుండిపోవాలనిపించింది.

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1644 ప్రాంతంలో చేసిన ఎచింగ్, అంటే రాగి రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ, ఒకటుంది. అరచేతిలో ఇమిడేంత చిన్నది. హేరోదు రాజు పసిబిడ్డ యేసును చంపిస్తాడన్న భయంతో మరియ, యోసేపు ఐగుప్తుకు పారిపోతూ రాత్రిపూట దారిలో ఆగారు. కొమ్మకు ఒక లాంతరు వేలాడుతోంది. మత్తయి సువార్త తీసి చూడు. రాత్రివేళ లేచి వెళ్ళారని ఉంటుంది గానీ, మధ్యలో ఎక్కడ కూర్చున్నారో ఒక్క ముక్క ఉండదు. ఆ లేని ముక్కనే చిత్రకారులు తరతరాలుగా గీస్తూ వచ్చారు.

ఎచింగ్ ఎలా చేస్తారో తెలిస్తే నీకు పనికొస్తుంది. రాగి రేకుకు మైనం పూత పూసి సూదితో గీస్తారు. యాసిడ్ పోస్తే గీత పడ్డచోట మాత్రమే రాగిని తింటుంది. ఆ గాడుల్లో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం మీద అచ్చు తీస్తారు. చీకటి కావాలంటే గీత మీద గీత, అడ్డంగా నిలువుగా, ఓపిగ్గా గీయాలి. లాంతరు వెలుగుకు మాత్రం ఏమీ గీయకుండా వదిలెయ్యాలి. ఆ వెలుగు ఉత్త కాగితమే!

నీ కథలో తల్లి బాధ గురించి నాలుగు వాక్యాలున్నాయి. తీసెయ్. ఆమె కాల్లో ముల్లు తీసుకుంటుంటే బిడ్డ ఎవరి ఒళ్ళో ఉన్నాడో రాయి. అగ్గిపుల్ల గీస్తే ఎవరైనా చూస్తారేమోనని తండ్రి బీడీని చెవి మీదే ఉంచుకున్నాడని రాయి. చుట్టూ ఉన్న రాత్రి దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

తిరగరాయాలంటే టెన్షన్‌గా ఉందన్నావు. 1653 ప్రాంతంలో రెంబ్రాంట్ తనకు ముందుతరం డచ్ చిత్రకారుడు హెర్క్యులెస్ సెగర్స్ చేసిన పాత రేకు ఒకటి తీసుకుని, అందులోని తోబియా అనే కుర్రాడు, అతనికి దారిలో తోడు నడిచిన దేవదూత బొమ్మల్ని గీకి చదును చేసి, ఆ చోట మరియ, యోసేపుల కుటుంబాన్నే నడిపించాడు. వెనక ఉన్న కొండా లోయా చాలావరకు అలాగే ఉంచాడు. చెట్ల ఆకుల్లో ఆ దూత రెక్క జాడ ఇప్పటికీ కనిపిస్తుంది. నాకు ఆ జాడంటే ప్రాణం. నీ మొదటి ప్రతిలోని గీతలు నాలుగు మిగిలిపోతే మిగలనీ.

కథంతా మళ్ళీ పంపొద్దు. ఆ చింతచెట్టు కింద గడిచిన అరగంట ఒక్కటీ రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
అన్నయ్య